కిటికీకి ఎదురుగా ఉన్న టవరు

ఇద్వల్ నడుంపట్టీ బిగించుకుని, కొక్కేలు రెండూ ఒకసారి లాగి చూసుకుని, కరెంటు టవరు కాలి మీద బూటు ఆనించాడు. ఇనుము మీద మంచు తడి ఇంకా ఆరలేదు. అతని గోళ్ల సందుల్లో బూడిద కలిసిన ఆకుపచ్చ రంగు ముప్పై ఏళ్లుగా అలాగే ఉంది. పెళ్లికైనా చావుకైనా ఆ చేతులతోనే వెళ్లేవాడు. టవర్లు కొండల్లో కలిసిపోయి కంటికి ఆనకూడదని వాటికి పూసే రంగు అది. పూసి పూసి అతని భుజం అరిగింది గాని, టవర్లు మాత్రం నిక్షేపంగా అందరి కంటికీ ఆనుతూనే ఉన్నాయి. "కొండరంగు పూస్తే కొండైపోతుందేమయ్యా అది?" అని భార్య నెస్టా దెప్పేది.

చివరికి ఆ వేల్స్ లోయ అందం చెడిపోతోందని పెద్దలకు తోచింది. తీగల్ని ఏటి ఇసుక కింద సొరంగంలోకి దించారు. టవర్లను ఒక్కొక్కటే పడగొడుతున్నారు. ఇవాళ వంతు ఇద్వల్ ఇంటి ఎదుట ఉన్నదానిది.

కాపురానికి వచ్చిన రోజే నెస్టా పడకగది తెర తీసి, "సముద్రం కనబడుతుందని చెప్పి ఈ ఇనుప దెయ్యాన్ని చూపిస్తావా?" అంది. నవ్వుతూనే అంది గాని, ఆ మాట ఇద్వల్‌కు ముల్లులా దిగి ఉండిపోయింది. శీతాకాలం మొదలైనప్పటి నుంచి ఆమె మంచం దిగలేదు. ఈ వారం గడవడం కష్టమని నర్సు నిన్న వాకిట్లో చెప్పి వెళ్లింది. పోయేలోపు ఆమె ఆ సముద్రాన్ని ఒక్కసారి చూడాలి. ఇద్వల్‌కు ఇంక వేరే కోరిక లేదు.

కూల్చేముందు పైకెక్కి అంతా చూసి రావడం అతని పని. పై దూలం మలుపులో, కిందివాళ్లకు కనబడని చోట, గూడు ఉంది. పుల్లలు, గొర్రె ఉన్ని, మధ్యలో మచ్చల గుడ్లు. ముట్టుకుంటే వెచ్చగా ఉన్నాయి. బొంతకాకులు రెండూ అరుస్తూ అతని తల చుట్టూ తిరిగాయి.

రంగు వేసేవాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. గూడు కనబడితే దాని చుట్టూ చెయ్యి చాపినంత మేర ఇనుము వదిలేసి, పిల్లలు ఎగిరిపోయాక వచ్చి పూస్తారు. ఇద్వల్ ఏనాడూ దాన్ని తప్పలేదు. ఇప్పుడైతే చట్టమే ఉంది. గుడ్లున్నాయని ఒక్క మాట చెబితే పని నెలకు పైగా ఆగిపోతుంది. నెస్టాకు అంత వ్యవధి లేదు.

"పెద్దాయనా, కాకులు గోల చేస్తున్నాయేంటి?" కింద నుంచి మేస్త్రీ ట్యూడర్ కేకేశాడు.

"నా మొహం చూసి. వాటికెప్పుడు నచ్చింది గనక?"

పుల్లల్ని పిడికిలి పిడికిలిగా బురద వైపుకు వదిలేశాడు. గుడ్లు విసరడానికి మాత్రం చెయ్యి రాలేదు. ఉన్ని టోపీలో పెట్టుకుని దిగి, తుప్పల చాటుకు నడిచాడు.

"చలికి ఆగట్లేదు పాపం," అని ట్యూడర్ నవ్వాడు.

ఇద్వల్ గుడ్లను నాచు మీద పెట్టాడు. అవి బతకవని అతనికి తెలుసు. తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా వెనక్కి వచ్చి, "పైన ఏమీ లేదు. కానియ్యండి," అన్నాడు.

రెండు కాళ్లు కోసి తాడుతో లాగారు. టవరు ఒక్కసారి మూలిగి గడ్డి మీద ఒరిగింది.

ఇంట్లో పొరుగింటి మెరెరిద్ టీ కాస్తోంది. అతను చేతులైనా కడుక్కోకుండా మేడెక్కాడు. కిటికీ నిండా తడి ఇసుక, దాని అవతల సన్నగా సముద్రం.

"చూశావా నెస్టా?"

ఆమె చాలాసేపు చూసింది. "బావుంది," అంది. "మరి కాకులేవీ?"

"ఏ కాకులు?"

"టవరు మీద కాపురం పెట్టినవి. మొదటి పుల్ల తెచ్చినప్పటి నుంచీ చూస్తున్నా. ఆడది గుడ్ల మీంచి లేవదు. మొగుడే తెచ్చి పెడతాడు. ఇవాళో రేపో పిల్లలవుతాయనుకున్నా."

"నాతో ఎప్పుడూ అనలేదేం?"

"నీకు ఆ టవరు పేరెత్తితేనే మొహం మాడిపోతుంది కదయ్యా. ఎందుకులే అని."

ఇద్వల్ ఆమె దిండు సర్దబోయాడు. అతని చొక్కా చేతికి అంటుకున్న ఉన్నిని ఆమె చూసింది.

"తెర వెయ్యి," అంది.

వేశాడు. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. అతను మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాడు. క్షమించమని అడగాలనుకున్నాడు, నిద్ర లేచాక అడుగుదామనుకున్నాడు. సాయంత్రం మెరెరిద్ దీపం పట్టుకుని వచ్చి, నెస్టా నుదురు తాకి, దీపం నెమ్మదిగా కింద పెట్టింది. "ఇద్వల్, పోయింది," అంది.

దుప్పటి సర్దుతుంటే మడతలోంచి దుర్భిణి ఒకటి బయటపడింది. "మా ఆయనది. దీంతో కొండ మీది గొర్రెల్ని చూసుకునేవాడు," అంది మెరెరిద్. "కాకులు పుల్లలు తెస్తున్న రోజుల్లో నెస్టా అడిగితే ఇచ్చాను. ఉండనీ, తర్వాత పట్టుకెళ్తాను."

దాన్ని కిటికీ గట్టు మీద పెట్టి ఆమె కిందికి వెళ్లింది. ఇద్వల్ తెర తీశాడు. దుర్భిణిలో చూపు సరిచేసే చక్రం నెస్టా వేళ్లు తిప్పి ఆపిన చోటే ఉంది, గూడున్న దూరానికి.