కారణం అనే గడి

అయోడిన్ సీసా మూత ఎక్కడ పెట్టాను, ఇప్పుడే చేతిలో ఉండె, పోనీ మూత లేకపోతే ప్రాణం పోతుందా, ప్రాణం పోయేది ఈ బల్ల మీద పడుకున్న మనిషికి, పేరు కైలాసం, నేతపని, సొసైటీ నూలు పోయిందని పోలీసు అమీన్ సాబ్ మొన్న ఠాణాకు పిలిపించాడట, ఇవాళ పొద్దెక్కినాక ఎడ్లబండిలో తెచ్చి ఇక్కడ దించారు, డాక్టరుగారు కరీంనగర్ పోయారు, రేపటిగ్గానీ రారు, అంటే ఈ పూట దవాఖానకు పెద్ద దిక్కు కంపౌండర్ దశరథం, అంటే నేనే, ముందర దెబ్బల రిజిస్టరు, పేరు రాశాను, వయసు ముప్పై అని రాశాను, కారణం అనే గడి దగ్గర కలం ఆగింది, ఆగాల్సిన పనేముంది, ఠాణా జవాను హనుమండ్లు గుమ్మానికి ఆనుకుని బీడీ కాలుస్తూ చెప్పనే చెప్పాడు, తాటిచెట్టు మీదికెల్లి పడ్డడని రాయి దశరథం, జల్ది కట్టు కట్టు, పొద్దుగూకకముందే ఠాణాల ఉండాలె, అమీన్ సాబ్ ఎదురుచూస్తుండు.

తాటిచెట్టు మీంచి పడ్డ మనిషి ఎట్లా ఉంటాడో నాకు చెప్తాడా, మా బాపు కల్లు గీసేవాడు, మోకు తెగి పడ్డ రోజు నేనే ఎత్తుకొచ్చాను, రొమ్ము మీద, చేతుల లోపలివైపు తోలు లేచిపోయింది, మడమలు రెండూ చితికాయి, ఈయన రొమ్ము మీద గీత కూడా లేదు, అరికాళ్లు మాత్రం పూరీల్లా పొంగి నల్లబడ్డాయి, నడుము మీద వరుసగా వాతలు, ఇందాక గిన్నెలో మూత్రం ఎర్రగా పడింది, మళ్లీ ఠాణాకు పోయి ఇంకో నాలుగు పడితే బతకడు, లాఠీ దెబ్బలని రాస్తే డాక్టరుగారు చూసేదాకా పంపకూడదు, అది రూలు, పడ్డాడని రాస్తే కట్టు కట్టి పంపేయొచ్చు, అదీ రూలే, ఇంత చిన్న గడిలో మనిషి బతుకును ఇరికించినవాడి చేతులు విరగ, గోడ పక్కన కూర్చున్న ఆయన భార్య యాదవ్వ అంటోంది, సారూ, మా ఇంటాయినె గుంట మగ్గంల దిగెటోడు, చెట్టెందుకెక్కుతడు, ఎక్కుడే రాదాయె, హనుమండ్లు నవ్వాడు, నీకేం తెల్సే, కల్లు తాగబుద్దయి ఎక్కిండు, కైలాసం కళ్లు తెరవకుండానే అడిగాడు, మల్ల మగ్గం తొక్కొస్తదా సారూ, తొక్కొస్తది, ఫికర్ చెయ్యకు అన్నాను, ఎంత సులువుగా అన్నాను.

ఏంది గంత సోచాయిస్తున్నవ్, గీ మాట మాకు నేర్పింది నువ్వే గదా అంటున్నాడు హనుమండ్లు, నిజమే, ఏడేళ్ల కిందట, కమ్యూనిస్టులకు అన్నం పెట్టాడని జీతగాడు అంతయ్యను ఇట్లాగే తెచ్చారు, ఏం రాయాలో తెలియక అప్పటి డాక్టరు తల పట్టుకుంటే, చెట్టు మీంచి పడ్డాడని రాస్తే ఎవరూ అడగరు సాబ్ అన్నది నేనే, రాసిందీ నేనే, తెలివైనవాడివని ఆయన భుజం తట్టాడు, నాకు సంతోషం కూడా అయింది, ఛీ, అంతయ్యను తీసుకుపోయారు, మూడో రోజు చనిపోయాడన్నారు, ఆ తర్వాత ఇంకో ముగ్గురు పడ్డారు, అందరూ చెట్ల మీంచే, రాష్ట్రం పేరు మారింది, దవాఖాన బోర్డు మారింది, ఈ తాలూకాలో చెట్టెక్కడం రానివాళ్లు పడటం మాత్రం మారలేదు.

రాయి మరి అంటూ బీడీ పారేసి లోపలికి వస్తున్నాడు, చేయి ఎందుకు కదలదు, నౌకరీ పోతుందనా, ఆసిఫాబాద్ అడవుల్లోకి బదిలీ చేయిస్తారనా, చేయించనీ, అది కాదు, ఇవాళ లాఠీ అని రాస్తే రేపు ఎవడో ఒకడు బీరువాలోంచి పాత రిజిస్టర్లు తీస్తాడు, అదే చేతిరాత, కైలాసం దెబ్బల్లో నీకు తెలిసిన తేడా అంతయ్య దెబ్బల్లో తెలియలేదా అని అడుగుతాడు, నాకు భయం అమీన్ సాబ్ అంటే కాదు, నేను రాసిన రాతంటేనే, ఇన్నేళ్లూ దానికి పోలీసుల భయమని పేరు పెట్టుకుని తిరిగాను, అడగనీ, అంతయ్య పెండ్లామే వచ్చి అడగనీ, ఠాణాలో లాఠీ దెబ్బలు, అని రాశాను, కింద నా పేరు పెట్టాను, ఏం రాసినవ్ అంటున్నాడు హనుమండ్లు, చూసింది రాసిన, డాక్టర్ సాబ్ వచ్చేదాక గీ మనిషి ఎటూ పోడు అన్నాను, ఆ రోజు కూడా చూసింది చూసినట్టు రాసి ఉంటే అంతయ్య బతికేవాడు.