పేరు చెప్పిన పిల్ల

మస్కట్‌లోని ఒక ఇండియన్ స్కూల్లో శ్రీలక్ష్మి లైబ్రేరియన్. ఒక మధ్యాహ్నం ప్రిన్సిపాల్ ఆమెను పిలిపించి బల్లమీద ఒక నవల పెట్టింది. పదో తరగతి పిల్లలు చదవకూడని ప్రేమ వ్యవహారం అందులో ఉందని ఎవరో తండ్రి ఫిర్యాదు చేశాడట. దాన్ని బీరువాలోంచి తీసేయమంది. శ్రీలక్ష్మి తలూపింది. అంతవరకు ఆమెకు అలవాటే.

"ఇది ఎవరెవరు తీసుకెళ్లారో కూడా రాసివ్వండి. వాళ్ల ఇళ్లకు కబురు పెట్టాలి," అంది ప్రిన్సిపాల్.

శ్రీలక్ష్మి నవల అందుకోబోయి ఆగింది.

ఆమె తొమ్మిదో తరగతి కడపలో, సిస్టర్లు నడిపే కాన్వెంటు హాస్టల్లో చదివింది. పాఠ్యపుస్తకం, ప్రార్థన పుస్తకం తప్ప మరొకటి ముట్టుకుంటే అక్కడ పాపమే. ఒకరోజు ఖాళీ మంచం పరుపు కింద నవల దొరికింది. ఎవరిదో చెప్పేదాకా ఎవరికీ అన్నం లేదన్నారు సిస్టర్. రెండో పూటకు శ్రీలక్ష్మి ఆకలికి తాళలేక, చాటుగా వెళ్లి తన స్నేహితురాలు మున్నీ పేరు చెప్పింది. నవల పొయ్యిలోకి పోయింది. మున్నీ చేతికి టీసీ వచ్చింది. ఆ పిల్ల చదువు అంతటితో సరి.

ఇప్పుడు మున్నీ కూడా ఒమాన్‌లోనే, షినాస్‌లో ఒక అర్బాబు, అదే అరబ్బు యజమాని, ఇంట్లో వంట చేస్తోంది. రెండేళ్ల కిందట మస్కట్‌లోని రూవీ బజారులో ఎదురుపడి, చేతులు పట్టుకుని వదల్లేదు. అప్పటినుంచి ఫోన్లో మాట్లాడుకుంటున్నారు. పేరు చెప్పింది తనేనని మాత్రం శ్రీలక్ష్మి ఏనాడూ నోరు విప్పలేదు.

"పుస్తకం తీసేస్తాను మేడమ్. పేర్లు మాత్రం ఇవ్వలేను."

ప్రిన్సిపాల్ కోప్పడలేదు. తానూ కాన్వెంటులోనే చదివానని, ఆ క్రమశిక్షణ వల్లే ఇంతదాన్నయ్యానని నెమ్మదిగా చెప్పింది. మార్చి తర్వాత ఉద్యోగం ఉండదని వారానికల్లా శ్రీలక్ష్మికి కాగితం అందింది. నవల తీసుకెళ్లింది ముగ్గురే. వాళ్లు ఎప్పట్లాగే లైబ్రరీకి వస్తూనే ఉన్నారు.

ఆ శుక్రవారం శ్రీలక్ష్మి మున్నీకి ఫోన్ చేసి అంతా చెప్పింది. ఆనాటి సంగతీ దాచలేదు.



"నువ్వేనని నాకప్పుడే తెల్సు మే," అంది మున్నీ. "శానా దినాలు నీమీద మండిపోయినా. తర్వాత ఆకలంటే ఏందో నాకూ తెల్సొచ్చె." మళ్లీ తనే అడిగింది: "ఆ పొద్దు పొయ్యిలో ఏసిన కత నేను సగమే సదివింటి. దాంట్లో పిల్ల కడాకు ఇల్లు చేరిందా?"

హాస్టల్లో కాలిపోయిన ఆ పుస్తకాన్ని శ్రీలక్ష్మి తెరిచైనా చూడలేదు. ఆ మాటే చెప్పింది.

"సరేలే. ఇన్నేండ్లూ చేరిందనే అనుకుంటాన్నా. అట్లనే ఉండనీ."

పొయ్యి మీద కూర ఉందని మున్నీ ఫోన్ పెట్టేసింది.