ఫ్రిజ్‌లో మాయమైన గుండె

ఫ్రిజ్ మధ్య అరలో, పాల సీసాకూ జున్ను పొట్లానికీ నడుమ ఉండాల్సిన గుండె అక్కడ లేదు.

డెల్లా ప్రూయిట్ తలుపు మూసింది. ఊపిరి పీల్చుకుని మళ్లీ తెరిచింది. పాలున్నాయి, జున్నుంది, ఎవరో సగం కొరికి వదిలేసిన శాండ్‌విచ్ ఉంది. గుండె లేదు. అది పెట్టిన నీలం మూత డబ్బా కూడా లేదు. కింది అరలు వెతికింది, పై అర వెతికింది, చివరికి వెన్న పెట్టుకునే చిన్న గూట్లోకి కూడా తొంగి చూసింది. అందులో కోడి గుండె కూడా పట్టదని ఆమెకు తెలుసు.

పోయింది పంది గుండె. మూడు రోజులుగా డ్యూటీలో దొరికిన కాస్తంత తీరికలో, ఫైర్ ఇంజన్ వెనక బల్ల వేసుకుని డెల్లా దాన్ని కోసింది. గదులు విప్పింది, కవాటాలు తెరిచింది, ఒక్కొక్క రక్తనాళానికీ పంటిపుల్లతో చిన్న కాగితం జెండా గుచ్చింది. సాయంత్రం నాలుగింటికి దాన్ని కాలేజీలో బయాలజీ చెప్పే డాక్టర్ ఆబర్నాతీ బల్ల మీద పెట్టాలి.

ముప్పై ఏడేళ్ల వయసులో డెల్లా మళ్లీ విద్యార్థిని. ఇన్నేళ్లూ అమెరికాలోని ఈ అయోవా రాష్ట్రంలోనే మంటలార్పింది. ఇప్పుడు డాక్టర్ కావాలనుకుంటోంది. మెడికల్ కాలేజీ గుమ్మం ఎక్కాలంటే ముందు కెమిస్ట్రీ, ఫిజిక్స్, బయాలజీ గట్టెక్కాలి. కాలేజీకి దగ్గరని ఈ వేసవిలోనే ఈ స్టేషన్‌కు బదిలీ చేయించుకుంది. గొట్టాలు చుడుతూ ఎముకల పేర్లు వల్లించేది. ఇంజన్ అద్దం మీద పొగమంచు పడితే దాని మీద వేలితో కెమిస్ట్రీ లెక్కలు వేసేది. ఎంత చేసినా సైరన్‌కు చదువంటే లెక్కలేదు. ఒక ల్యాబ్‌ను పొగగొట్టంలో ఇరుక్కున్న పిల్లి మింగేసింది. ఇంకో ల్యాబ్‌ను తన కుక్క కోసం చేయించిన తలుపులో తానే ఇరుక్కున్న పెద్దమనిషి మింగేశాడు.

రెండు ల్యాబులు పోయాక డాక్టర్ ఆబర్నాతీ కనికరించి, గుండెను సొంతంగా కోసి తెమ్మంది. ఇదే ఆఖరి అవకాశమనీ చెప్పింది. ఇది పోతే కోర్సు పోతుంది. కోర్సు పోతే ఈ ఏడు మెడికల్ కాలేజీ దరఖాస్తూ పోతుంది. ఇల్లు కాలిపోయిందంటే ఆవిడ వింటుంది. గుండె పోయిందంటే వినదు. కసాయి దుకాణంలో ఇంకోటి కొందామంటే ముందుగా చెప్పి ఉంచాలి. దొరికినా మూడు రోజుల కోత నాలుగింటిలోగా అవదు.

డెల్లా ఫ్రిజ్ తలుపు మూసి వెనక్కి తిరిగింది. ఎదురుగా పొయ్యి మీద పెద్ద కుండ కుతకుతలాడుతోంది.

ఆ సాయంత్రం జిల్లా ఫైర్ స్టేషన్లన్నిటికీ చిల్లీ వండే పోటీ. మాంసం, బీన్సు, ఎండుమిర్చి వేసి గంటల తరబడి ఉడికించే ఆ కూర కోసం ఇక్కడి మగవాళ్లు మంటల్లోకి దూకినదానికంటే ఎక్కువ ధైర్యం చూపిస్తారు. ఈ స్టేషన్ తరఫున వండే రస్ ఓమారాకు ఏటా రెండో బహుమతే వస్తోంది. ఈసారి కుండలో ఒక రహస్యం వేశానని తెల్లవారినప్పటి నుంచి కనిపించినవాళ్లందరికీ చెబుతున్నాడు.

"రస్, ఆ కుండలో ఏం మాంసం వేశావు?" అంది డెల్లా.

"ఏంటి డాక్టరమ్మా, పోస్టుమార్టం చేస్తావా?"

డెల్లా గరిటె లాక్కుంది. రస్ కుండకు అడ్డంగా పడ్డాడు. ఆ పెనుగులాటలో గరిటె ఒకసారి మునిగి లేచింది. అందులో ఒక పంటిపుల్ల తేలింది.

ఇద్దరూ దాన్నే చూస్తూ నిలబడ్డారు. అప్పుడే కెప్టెన్ హాస్కిన్స్ ఖాళీ గిన్నె పట్టుకుని లోపలికి వచ్చాడు. రుచి చూసే నెపంతో ఆయన అప్పటికే రెండు గిన్నెలు లాగించాడు. సంగతంతా విన్నాక గిన్నెను బాంబులా బల్ల మీద పెట్టాడు.

"నేను తిన్నది ఎవరి గుండె?"

"పందిది, కెప్టెన్."

"పందయితే ఫర్వాలేదు," అని ఆయన మళ్లీ గిన్నె అందుకున్నాడు. అంతలో అనుమానం వచ్చింది. "కోసి ఎన్నాళ్లయింది?"

"మూడు రోజులు."

గిన్నె మళ్లీ బల్ల ఎక్కింది.

విచారణ వంటింట్లోనే మొదలైంది. పంటిపుల్ల తనదేనని రస్ ఒప్పుకున్నాడు. పొద్దున నోట్లో పెట్టుకున్నది ఎప్పుడు జారిందో తెలియలేదట. అది విని కెప్టెన్ కళ్లు మూసుకున్నాడు. మాంసం మాత్రం దుకాణంలో కొన్నదేనంటూ రస్ దాన్ని చుట్టిచ్చిన కాగితం తెచ్చి చూపించాడు. మరి ఆ రహస్యం ఏమిటని డెల్లా నిలదీసింది. చంపినా చెప్పనన్నాడు. చెప్పకపోతే ఏడాది పొడుగునా మరుగుదొడ్లు నీవేనని కెప్టెన్ అన్నాడు. రస్ తల వంచుకుని అలమార తెరిచి, పిండి డబ్బా వెనక నుంచి ఒక సీసా తీసి బల్ల మీద పెట్టాడు.

పీనట్ బటర్. పిల్లలు రొట్టెకు రాసుకునేది.

కెప్టెన్ సీసా అందుకుని దాని మీది చీటీ రెండుసార్లు చదివాడు.

"దీనికంటే గుండె వేసినా స్టేషన్ పరువు దక్కేది," అన్నాడు కెప్టెన్.

రస్ నిర్దోషి అని తేలింది. అయినా అతని వైపు ఎవరూ గౌరవంగా చూడలేదు. ఇక మిగిలింది చెత్త. వారానికోసారి ఫ్రిజ్ ఖాళీ చేసే అలవాటు కెప్టెన్‌దే. తాను గుండెలు పారేసే మనిషిని కాదని ఆయన నొచ్చుకున్నాడు. అయినా ముగ్గురూ వెనక వాకిట్లో పెద్ద చెత్తపెట్టెలోకి తలలు దూర్చారు. గుండె దొరకలేదు. కెప్టెన్ భార్య ప్రేమతో ఉడికించి పంపే క్యారెట్ల డబ్బాలు మాత్రం దొరికాయి. ఒక్కటి కూడా మూత తీసి లేదు. ఆయన గొంతు సవరించుకుని, ఈ విచారణలో బయటపడ్డ ఏ విషయమూ గేటు దాటకూడదని ఆజ్ఞాపించాడు. డెల్లా, రస్ తలూపారు.

మధ్యాహ్నం రెండు దాటింది. డెల్లా వెతకడం ఆపేసింది. ఇంజన్ నిలిపే చోటికి వెళ్లి దాని మెట్టు మీద కూలబడింది. కాలేజీకి ఫోన్ చేసి ఓడిపోయానని చెప్పాలి. ఫోన్ తీసింది కానీ నొక్కబుద్ధి కాలేదు.

ఇంజన్ అవతలి పక్క నుంచి నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. డ్రైవర్ బర్డెట్ లార్సన్ బండి కడుగుతున్నాడు. ఆరడుగుల పైన ఇంకో జానెడు ఉండే మనిషి. మాట తక్కువ. పొద్దున్నుంచి అదే తలుపు కడుగుతున్నాడు. అతని చొక్కా మీది బ్యాడ్జికి అడ్డంగా నల్ల పట్టీ ఉంది. తమవాళ్లెవరైనా పోతే కట్టుకునే పట్టీ అది. ఎవరు పోయారని అడగడానికి డెల్లాకు నోరు రాలేదు. ఆమె ముఖం చూసి అతనే ఏమైందని అడిగాడు.

డెల్లా చెప్పింది. పంది గుండె పోయిందని, దానితోపాటు ఏడాది చదువూ పోతోందని. చెబుతూ చెబుతూ కాస్త నవ్వింది కూడా.

"దానికి పేరు కూడా పెట్టుకున్నానన్నా. మా క్లాసులో అందరూ పెడతారు, పేరు పెడితే కోసేటప్పుడు చెయ్యి వణకదంట. డబ్బా మీద పెద్దక్షరాలతో రాశాను, ఆర్విల్ అని."

బర్డెట్ చేతిలోంచి గుడ్డ జారి బకెట్‌లో పడింది.

"ఏ ఆర్విల్?"

"మా అమ్మమ్మ వాళ్ల కంచర గాడిద. నా చిన్నప్పుడు ఉండేది."

బర్డెట్ వచ్చి ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. బండి అటువైపు ఒరిగింది. అతను టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"చెల్లెమ్మా, అది తీసింది నేనే. ముందు నన్ను మొత్తం చెప్పనీ, తర్వాత తిట్టు. నువ్వు కొత్తగా వచ్చావు, నీకు తెలీదు. హాస్కిన్స్ కంటే ముందు ఇక్కడ కెప్టెన్ ఆర్విల్ డగన్. నాకు ఈ బండి తోలడం నేర్పింది ఆయనే. రిటైరైన రోజు భోజనాల దగ్గర లేచి నిలబడి, నేను పోయాక నా ఒళ్లు కాలేజీ పిల్లలకిచ్చెయ్యండి, నాలో ఏముందో మీరెవరూ ఎటూ కనిపెట్టలేకపోయారు, వాళ్లైనా కనిపెడతారు అన్నాడు. మొన్న చలికాలంలో పోయాడు, ఇచ్చేశారు. ఇవాళ పొద్దున కాఫీలోకి పాల కోసం ఫ్రిజ్ తెరిచాను. నీలం డబ్బా, మీద ఆర్విల్ అని రాసుంది. మూత తీసి చూస్తే గుండె. నువ్వేమో డాక్టర్ చదువు చదువుతున్నావు. ఇంకేం అనుకోమంటావు? దాని నిండా జెండాలు. మనవాళ్లు పోతే శవపెట్టె మీద ఒక్క జెండా కప్పుతాం, ఈయనకి ఇన్ని పెట్టారే, కాలేజీ వాళ్లు ఎంత మర్యాద చేశారో అనుకున్నాను. కానీ జున్ను పక్కన పెట్టడం నాకు నచ్చలేదు. ఆయనకి జున్ను పడదు. అందుకని వెనక మేపుల్ చెట్టు కింద గొయ్యి తవ్వాను. ఉత్త మట్టిలో పెట్టడానికి మనసొప్పలేదు. నేను చేపలకి తీసుకెళ్లే ఐస్ పెట్టె ఉంది కదా, మొన్ననే కొన్నాను, దాన్నిండా ఐస్ పోసి డబ్బా అందులో పెట్టి పూడ్చాను. జెండా ఒక్కటి కూడా వంగి ఉండదు, నాది పూచీ. ప్రార్థన కూడా చేశాను. సగంలో మాటలు మర్చిపోతే ఆయనకిష్టమైన బూతు జోకు చెప్పాను. నీకు ఇంత కష్టం తెస్తానని అనుకోలేదమ్మా. పార ఇక్కడే ఉంది, పద తవ్వుదాం, నాలుగింటికి ఇంకా టైముంది, కాలేజీకి నేనే తీసుకెళ్తాను. ఆ డాక్టరమ్మ నమ్మకపోతే నా నోటితో ఆవిడకీ చెబుతాను. కెప్టెన్‌కి మాత్రం చెప్పొద్దు. నేను పూడుస్తుంటే చూసి, మా కుక్క పోయిందనుకుని ఆయన కూడా టోపీ తీసి నా పక్కన నిలబడ్డాడు. నా భుజం మీద చెయ్యేసి ఏడ్చాడు కూడా. మా కుక్క ఇంట్లో నిక్షేపంలా ఉంది."