పొగగొట్టం కొన

మేడమీద గదిలో కిటికీ పక్కన బల్ల వేసుకుని పాత బైనాక్యులర్లు బాగుచేయడం అతని పని. అద్దాలకి పట్టిన బూజు తుడిచి, బిగుసుకుపోయిన స్క్రూలకి చుక్క నూనె వేసి, చివరికి రెండు గొట్టాలనీ దూరంగా ఉన్న మిల్లు పొగగొట్టం మీదికి తిప్పేవాడు. ఎప్పుడో కిందపడిన వాటిలో పొగగొట్టాలు రెండు కనిపిస్తాయి. స్క్రూ కొద్దికొద్దిగా తిప్పుతూ ఆ రెంటినీ ఒకటి చెయ్యాలి. ఆ కాసేపూ చూపు పొగగొట్టం కొన మీదే ఉండాలి. పక్కకి పోయిందా, పని మళ్ళీ మొదటికొస్తుంది.

పాతవాటిలో ఎడమ గొట్టం ఇవాళ్టిని చూపిస్తే, కుడి గొట్టం రేపటిని చూపిస్తుందని వీధిలో అందరికీ తెలుసు. బట్టలు ఉతికే ముందు మేడెక్కి రేపు వానుందేమో అడిగి వెళ్ళేవాళ్ళు. అందుకే కుడి బొమ్మని ఎడమవైపు లాగాలి. ఒకసారి పరధ్యానంలో ఎడమదాన్ని కుడివైపు లాగాడు. మర్నాటి వాన ఆ మధ్యాహ్నమే కురిసింది. వీధి వీధంతా తడిబట్టలు పిండుకుంటూ అతన్ని తిట్టిపోసింది.

ఆవేళ రేవు కాపలాదారు ఇచ్చినదాన్ని కంటికి పెట్టుకున్నాడు. ఎడమ గొట్టంలో బావమరిది తాడుకి వేలాడుతూ పొగగొట్టానికి రంగు వేస్తున్నాడు. కుడి గొట్టంలో పొగగొట్టమే లేదు. ఇటుకల గుట్ట, చుట్టూ జనం, నేలమీద దుప్పటి కప్పిన మనిషి. పక్కనే ఇంకో మనిషి మోకాళ్ళలో తల దాచుకుని కూర్చుని ఉంది. మొహం తెలియలేదు. తెలియాలా ఏమిటి, తమ్ముడి పక్కన అలా కూర్చునేది అక్క కాక ఇంకెవరు?

భార్యని పిలిచి చూపించాడు. ఆమె చూసి బైనాక్యులర్లు బల్లమీద పెట్టేసింది.

"మిల్లువాళ్ళకి చెబుదామండీ."

"పగుళ్ళు కనబడకుండా రంగెయ్యమన్నదే వాళ్ళు."

"పోనీ, వాణ్ణి రేపు పనికి వెళ్ళనివ్వను."

"ఆ తాడుమీదికి ఇంకొకణ్ణి ఎక్కిస్తారు. వాడికి మాత్రం అక్క ఉండదా?"

ఆమె కళ్ళు తుడుచుకుంది. "అయితే రేపటిదాన్ని ఇవాళే తెచ్చెయ్యండి. ఆ వానప్పుడు, బట్టలు లోపల పెట్టుకున్నవాళ్ళవి తడవలేదుగా. ఒంటిగంటకి సైరన్ కొడితే అందరూ తిండికి దిగుతారు. నేను వెళ్ళి అందర్నీ గేటు బయటికి తీసుకొస్తా. ఒంటిగంటన్నరకి తిప్పండి."

"మీ తమ్ముడు రానంటే?"

"చెవి మెలేసి లాక్కొస్తా!"

అన్నంత పనీ చేసింది. సైరన్ మోగిన కాసేపటికి మనుషులంతా గేటు బయటికొచ్చారు. ఆమె తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని లాక్కొస్తోంది. వాడు నవ్వుతున్నాడు, వెధవ. అతనికి ప్రాణం లేచొచ్చింది.

సరిగ్గా ఒంటిగంటన్నరకి అతను చూపు పొగగొట్టం కొన మీద నిలిపి, ఈసారి కావాలనే ఎడమ బొమ్మని కుడివైపు లాగుతూ స్క్రూ తిప్పడం మొదలుపెట్టాడు. ముప్ఫై ఏళ్ళ అలవాటు. కింద ఏం జరుగుతోందో చూడలేదు. రెండు బొమ్మలూ దగ్గరై, ఆనుకుని, ఒకటయ్యాయి. మరుక్షణం ఆ కొన వాలిపోయింది. కిటికీ రెక్కలు దడదడలాడాయి.

దుమ్ము అణిగేసరికి రెండు గొట్టాల్లోనూ ఒకటే బొమ్మ. దుప్పటి పక్కన కూర్చున్న మనిషి తలెత్తింది. బావమరిది.

చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు. కాళ్ళు ఎక్కడ పడుతున్నాయో తెలియలేదు. దేవుడా, దేవుడా అనుకుంటూనే ఉన్నాడు.

అతన్ని చూడగానే బావమరిది బావురుమన్నాడు. "అందరం బయటికొచ్చేశాం బావా. మిల్లు కాపలా ముసలాయన పొగగొట్టం కింద నిద్రపోతున్నాడని ఎవరో అన్నారు. అక్క నా చెయ్యి వదిలేసి లోపలికి పరిగెత్తింది. ఆయన్ని ముందు పంపించింది. తనూ వచ్చేస్తోంది బావా, ఇంకో నిమిషం ఆగి ఉంటే బయటపడేది."

"ఒంటిగంటన్నరకి తిప్పమంది," అన్నాడతను.