పిరికి ప్రెస్కాట్

వెండెల్ టాలివర్ నడక నేర్చిన ఏడే జీను ఎక్కాడు. నెవాడాలో వాళ్ల నాన్న ఎమెట్‌కున్న రాంచ్‌లో పశువుల మధ్య పెరిగినవాడికి గుర్రమంటే ఇంట్లో మనిషి కింద లెక్క. అలాంటివాడికి టీవీ సీరియల్లో దొరికింది గుర్రాన్ని చూస్తేనే గజగజ వణికే ప్రెస్కాట్ వేషం. లాస్ ఏంజెలెస్‌లో పిన్ని ఇంటికి వెళ్లినప్పుడు సరదాగా స్టూడియోకు తీసుకెళితే, ఇంత బాగా భయపడేవాడు ఇంకొకడు దొరకలేదన్నారు. తల్లి లోర్నా మురిసిపోయి మూడు వేసవుల షూటింగుకు ఒప్పందం మీద సంతకం పెట్టింది.

వేసవి సెలవులు గడపడానికి రాంచ్‌కు వచ్చిన కుర్రాళ్ల కథ అది. ప్రతి భాగంలోనూ ప్రెస్కాట్ కింద పడాలి, ఏడవాలి, మిగతావాళ్లు పగలబడి నవ్వాలి. బజారుకెళితే ముక్కూమొహం తెలియని పిల్లలు "ఏడుపుగొట్టు ప్రెస్కాట్!" అని వెంటపడేవారు. పోనీ షూటింగ్ రోజుల్లో తీరిక వేళల్లోనైనా స్వారీ చేద్దామంటే, ఎముక విరిగితే షూటింగ్ ఆగిపోతుందని ఒప్పందం ప్రకారం అదీ కుదరదన్నారు. వెండెల్ కంచె మీద గడ్డం ఆనించి గుర్రాలను చూస్తూ నిలబడేవాడు.

రెండో వేసవిలో ఎమెట్ కొడుకును చూడ్డానికి కాలిఫోర్నియా వచ్చాడు. ఆ రోజు కథానాయకుడి వేషం వేసే లాయిడ్ గుర్రం మీద ఠీవిగా వస్తున్నాడు. వాడు అపార్ట్‌మెంటులో పెరిగిన పిల్లవాడు. స్టూడియోవాళ్లు నేర్పిన నాలుగు ముక్కలు తప్ప వాడికి స్వారీ రాదు. ఇంతలో గాలికి షూటింగుకు వెలుతురు పడేలా నిలబెట్టిన రేకు పలక ఒకటి దభీమని పడింది. గుర్రం బెదిరి, ఎండిన వాగు వైపు పరుగందుకుంది.

"అమ్మా!" అని లాయిడ్ దాని మెడ కరుచుకున్నాడు.

పెద్దవాళ్లు తేరుకునేలోపే వెండెల్ దగ్గరున్న గుర్రమెక్కి దౌడు తీయించాడు. వాగు గట్టు అందకముందే పక్కకు చేరి, వంగి కళ్లెం పట్టుకుని, రెండు గుర్రాలనూ మెల్లగా చుట్టు తిప్పి నిలబెట్టాడు. దుమ్ము అణిగాక చూస్తే కెమెరా ఇంకా తిరుగుతూనే ఉంది.

"ఒరేయ్, నువ్వు లేకపోతే పోయేవాణ్ణిరా!" అని లాయిడ్ వాణ్ణి వాటేసుకున్నాడు. ఎమెట్ కొడుకు భుజం మీద వేసిన చెయ్యి తియ్యలేదు. ఇక ప్రెస్కాట్‌కు ధైర్యం వస్తుంది, కథ మారుతుంది అనుకుని వెండెల్‌కు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పొద్దున్నే డైరెక్టర్ గ్యారిటీ చేతులు రుద్దుకుంటూ వచ్చాడు. "బంగారం లాంటి షాట్ దొరికిందయ్యా! దూరం నుంచి ఇద్దరూ ఒక్కలాగే ఉన్నారు. అదే టోపీ, అదే చొక్కా. బెదిరిన గుర్రం మీద ప్రెస్కాట్, కాపాడేవాడు మన లాయిడ్. మొహాలు దగ్గర్నుంచి ఇప్పుడు వేరేగా తీసి అతికిద్దాం."

"సార్, కాపాడింది నేను కదా!"

"నాకు తెలుసు బాబూ. కానీ ప్రెస్కాట్ పిరికివాడు కాకపోతే మనకు కథెక్కడుంది?"

లాయిడ్ తల వంచుకున్నాడు. "నాకు సిగ్గుగా ఉంది సార్, వేరేది తీద్దాం" అన్నాడు. ఎవరూ వినిపించుకోలేదు.

ఎమెట్ తన ట్రక్కు తలుపు తెరిచాడు. "ఎక్కరా. ఇంటికి పోదాం."

"పోవడానికి లేదండీ, సంతకం చేశాం" అంది, కొడుకు వెంట అక్కడే ఉంటున్న లోర్నా. "నేనే చేశాను."

వెండెల్ తండ్రినీ తల్లినీ మార్చి మార్చి చూశాడు. ఎక్కితే అమ్మ మాట పోతుంది. ఎక్కకపోతే మళ్లీ ఆ ఏడుపుగొట్టు వేషమే. "నువ్వెళ్లు నాన్నా" అన్నాడు.

పీపా మీద బిగించిన జీను ఎక్కించి, కింద నుంచి ఇద్దరు కుదుపుతుంటే వాడు "కాపాడండి! ఎవరైనా కాపాడండి!" అని కేకలు పెట్టాడు. కన్నీళ్ల కోసం కళ్లకు మందు రాయాల్సిన అవసరం రాలేదు. గ్యారిటీ చప్పట్లు కొట్టాడు. ఎమెట్ అప్పటికే బయలుదేరిపోయాడు.

ఆకులు రాలే కాలంలో ఆ భాగం టీవీలో వచ్చింది. ఊళ్లో మంగలి కొట్లో అందరూ నవ్వుతుంటే ఎమెట్ లేచి నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాడు. "ఏ తండ్రైనా అలాగే అంటాడులే ఎమెట్, కూర్చో" అన్నారు, జాలిగానే.

లాస్ ఏంజెలెస్‌లో పిన్ని ఇంట ఉండి చదువుకుంటున్న వెండెల్ చలికాలం సెలవులకు ఇంటికొచ్చాడు. వచ్చీ రాగానే కొట్టంలోకి పరుగెత్తి తన గుర్రానికి జీను కట్టాడు. టీవీలో ఆ భాగం చూసిన పక్క రాంచ్ వాళ్ల చిన్నపిల్ల ఓపల్ అక్కడే ఉంది. గబగబా వచ్చి, రెండు చేతులతో కళ్లెం గట్టిగా పట్టుకుంది.

"భయపడకు అన్నా, నేను పట్టుకున్నాగా. మెల్లగా ఎక్కు" అంది.

ఆ పిల్ల మొహంలో ఎగతాళి లేదు. వెండెల్ రికాబులో కాలు పెట్టి, ఆ పిల్ల చెప్పినట్టే, మెల్లగా ఎక్కాడు.