పైకి వేసిన కుట్టు

నసీమూ, ఇలా అమ్మమ్మ దగ్గరికి రావే. ఆ పీట జరుపుకుని కూర్చో. మీ అమ్మా నేనూ ఇన్నేళ్ళుగా ఎత్తని మాట ఇది.

అరవై మూడులో మీ అమ్మ లాల్‌బీ గుంటూరు ఆడపిల్లల కాలేజీలో కుట్టుపని చదివేది. నల్లపాడులో రైలెక్కి వెళ్ళొచ్చేది. మన దూదేకుల ఇళ్ళలో అంతదాకా వెళ్ళిన ఆడపిల్ల అదే మొదలు. ఆఖరి పరీక్షకు తలా ఒక రవిక కుట్టి, మనిషికి తొడిగి చూపించాలి. తెల్లగా ఉంటుందని అందరూ కామేశ్వరి అనే పిల్లకే తొడుగుతున్నారు. మీ అమ్మ మాత్రం నన్ను తీసుకెళ్ళింది.

నేను మిరపకోతలకు వేసుకునే పొడుగుచేతుల రవిక కుట్టింది. దానికి కుట్టు అంచులు పైకి ఉంటాయి. లోపలుంటే మిరప ఘాటు ఆ మడతల్లో చేరి, చెమటకు ఒళ్ళు మండిపోతుంది. ఆ కుట్టు మీ అమ్మకు నేర్పింది నేనే.

నా నలుపు చూసి ఒక పిల్ల నవ్వింది. “ఏమే లాల్‌బీ, చేలో దిష్టిబొమ్మను పీక్కొచ్చావా?”

“ఆ దిష్టిబొమ్మ కోస్తేనే మీ ఇంట్లో కారం,” అంది మీ అమ్మ.

పరీక్ష పెట్టే దుర్గాంబగారు నా భుజం మీది కుట్టు పట్టుకుని చూశారు. “తిరగేసి కుట్టావేమిటి?”

“కావాలనే అండీ. కోతల రవిక ఇలాగే కుడతారు.”

“ఏ పుస్తకంలో ఉంది?”

“మా అమ్మకు తెలుసండీ. అడగండి.”

ఆవిడ నావైపు తిరిగారు. “పొరపాటైతే గంట టైమిస్తాను, విప్పి కుట్టుకోవచ్చు. కావాలనే అంటే మాత్రం ఫెయిలే. నువ్వు చెప్పమ్మా, ఏది?”

అంతమంది చదువుకున్నవాళ్ళు నా మాట కోసం ఆగడం నా జన్మలో అదొక్కసారే. బళ్ళో కుట్టు పంతులమ్మ ఉద్యోగం రావాలంటే మీ అమ్మకు ఆ సర్టిఫికెట్ కావాలి. నాలాగా చేలో వంగే బతుకు దానికి వద్దనుకున్నాను.

“పొరపాటేనండీ. పిల్ల తిరగేసుకుంది. కుట్టు సంగతి నాకేం తెలుసండీ,” అన్నాను.

మీ అమ్మ పక్కగదిలో రవిక విప్పించుకుని కత్తెర పట్టింది. గంటలో కుట్లు లోపలికి తిప్పేసింది. పాసైంది, ఉద్యోగమూ వచ్చింది. ముప్పై ఏళ్ళు బళ్ళో లోపలి కుట్టే నేర్పింది. ఆ రవిక నేను ఒక్క కోతకే వేసుకున్నాను. భుజాలు బొబ్బలెక్కాయి. వెన్న రాస్తూ కూడా అది ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇప్పుడు నువ్వూ ఆ చదువుకే వెళుతున్నావు. అక్కడ నిలబడి చెప్పవే. పైకి వేసే కుట్టు పొరపాటు కాదు, మిరప కోసే ఆడవాళ్ళు ఒళ్ళు మండి, ఆలోచించి వేసిన కుట్టు. మా అమ్మమ్మ రసూల్‌బీ చెప్పిందను. ఆ రోజు ఆమె అబద్ధమాడిందని కూడా చెప్పు. అది దాచకు.