చేటలో పడని మాట

చీపురుపల్లి రైలుగేటు పక్కన లీలారాణి ఇంగ్లీషు ట్యూషన్లో రోజూ ఆఖరి పని బోర్డు కింద ఊడవడం. రెండు వాక్యాల్ని అబద్ధంగా అతికిన మాట ఆ బోర్డు మీద నిలవదు, బల్లిలా జారి కింద పడుతుంది. పడిన బట్‌లనీ సోలనీ పిల్లలు చేటలోకెత్తి పారబోస్తారు. పదిహేనేళ్ళుగా ఇదే తంతు.

ఆ మంగళవారం ఈశ్వరి కాగితం పట్టుకొచ్చింది. ఇనుము కరిగించే ఫ్యాక్టరీలో ఆమె మొగుడు గోవింద్ మెట్ల మీంచి పడి చనిపోయి తొమ్మిదో రోజు.

"ఏలిముద్ర ఎయ్యమంతన్నారు టీచరమ్మా. ఆడి పని నాకిస్తారని ఆశ. ఏటి రాసినారో సూడండి."

'గోవింద్ ఫెల్ బికాజ్ హి వాజ్ డ్రంక్.' తాగి ఉన్నాడు కాబట్టి పడ్డాడట! తాగుబోతు పెళ్ళానికి పని ఇవ్వక్కర్లేదు మరి.

"వాళ్ళతో ఏమన్నావే?"

"ఏటన్నాను? గంజి తాగి ఎళ్ళి పడిపోనాడన్నాను."

తెలుగులో తాగి, వెళ్ళి, పడి అని ఎన్ని పనులైనా దండ గుచ్చొచ్చు, ఏది దేనికి కారణమో ఎవడూ నిలదీయడు. ఇంగ్లీషు ఊరుకోదు, మధ్యన మాట పెట్టమంటుంది. పెన్ను ఎవడిదైతే మాట వాడిది. గంజి ఒలికిపోయింది, బికాజ్ వచ్చి కూచుంది.

కింద సంతకం నరేష్‌ది. ఈ బోర్డు ముందే బికాజ్ నేర్చినవాడు, ఇప్పుడక్కడ ఆఫీసరు. లీలారాణి ఫోన్ చేసి రప్పించింది.

"ఒరే, ఆ ముక్క ఇక్కడ రాయి."

రాశాడు. బికాజ్ పడింది. సిన్స్ పెట్టాడు, పడింది. యాజ్ కూడా నిలవలేదు.

"పైవోళ్ళు రాసీమన్నారు మేడమ్."

"చెయ్యి వాళ్ళకి అద్దెకిచ్చావా? ఆ మెట్లకి రెయిలింగుందా?"

వాడు తల దించుకున్నాడు. "ఇరిగి ఆర్నెల్లయిపోనాది."

"రాయి మరి."

'గోవింద్ ఫెల్ బికాజ్ దేర్ వాజ్ నో రెయిలింగ్.' నిలిచింది. వాడు డస్టరుతో రుద్దినా చెక్కుచెదరలేదు. డస్టరు పక్కన పెట్టి, పాత కాగితం చింపి, కొత్తదాని మీద ఆ వాక్యమే రాసి సంతకం పెట్టాడు.

నెల తిరిగేసరికి గోవింద్ పని ఈశ్వరికొచ్చింది. నరేష్ పని ఊడింది.

పనిలో చేరే ముందురోజు ఈశ్వరి మళ్ళీ వచ్చింది.

"పడిపోనాడు, సచ్చిపోనాడు. మజ్జిన ఏటుంటాది టీచరమ్మా?"

"యాండ్."

"రాయండి."

'గోవింద్ ఫెల్ యాండ్ డైడ్' అని లీలారాణి రాసింది. ఈశ్వరి మూలనున్న చేట తెచ్చి, అబద్ధమై పడకపోతుందా అని సరిగ్గా ఆ మాట కింద పట్టుకు నిలబడింది.

బయట రైలుగేటు మూడుసార్లు పడింది, మూడుసార్లు లేచింది. యాండ్ మాత్రం పడలేదు.